వేగుచుక్కతో లేచే పిల్లలు

ఆలస్యంగా నిద్ర లేచేవారిని దెప్పడానికి తెలుగులో మాటలకు కొదవ లేదు. "బారెడు పొద్దెక్కింది, ఇంకా ముసుగు తీయలేదా?" అన్న మాట వినకుండా పెరిగినవారు మనలో అరుదు. సూర్యుణ్ణి బారలతో కొలిచి మరీ మందలించే భాష మనది. పెందలాడే లేచేవారిని దెప్పే మాట ఒక్కటి గుర్తు చేసుకోండి చూద్దాం. నాకైతే తట్టడం లేదు. వేకువనే లేవడం మన పెద్దల దృష్టిలో దోషం కాదు సరికదా, సదాచారానికి మొదటి మెట్టు. సూర్యోదయానికి 96 నిమిషాల ముందు మొదలై 48 నిమిషాలు నడిచే కాలానికి బ్రహ్మముహూర్తమని పేరు పెట్టి, ఆ వేళ పక్క మీద ఉండటమే తప్పన్నారు.

అటువంటి భాష మాట్లాడే తల్లిదండ్రులే ఈనాడు, రెండేళ్ళ పసివాడు తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి కూర్చుంటున్నాడని వైద్యుని వద్దకు వెళుతున్నారు. బిడ్డకు జబ్బు లేదు. జ్వరం లేదు. నవ్వుతూ లేస్తాడు. లేవడమే ఫిర్యాదు. ఒకనాటి సుగుణం ఎప్పుడు, ఏ దారిన సమస్యగా మారింది? ఈ టపాలో నేను తడిమి చూడదలచినది అదే. విసిగి వేసారిన తల్లిదండ్రులను ఎగతాళి చేయడం నా ఉద్దేశం కాదని ముందే మనవి చేస్తున్నాను. చీకటి విడకముందే "నాన్నా, తెల్లారింది" అంటూ చిట్టి వేలితో మన కనురెప్పను పైకెత్తి చూసే బిడ్డ ఇంట్లో ఉంటే ఆ ముద్దూ తెలుస్తుంది, ఆ బాధా తెలుస్తుంది.

మన సాహిత్యం పిల్లల నిద్రను రెండు వైపుల నుంచి పట్టించుకొన్నది. నిద్రపుచ్చడానికి జోలలు, లాలిపాటలు. నిద్ర లేపడానికి మేలుకొలుపులు. అన్నమయ్య రెండూ రచించాడు. పదిహేనవ శతాబ్దిలో ప్రతివాది భయంకరం అణ్ణన్ కూర్చిన వేంకటేశ్వర సుప్రభాతానికి మొదటి శ్లోకం ఆయన సొంతం కాదు. వాల్మీకి బాలకాండ నుంచి తెచ్చుకొన్నది. అడవిలో నేల మీద పడుకొన్న కుర్రవాడైన రాముణ్ణి విశ్వామిత్రుడు తట్టి లేపే ఘట్టమది. ఇంటింటా రేడియోలోనూ రికార్డుల్లోనూ మోగి, తిరుమలలో ఇప్పటికీ తెల్లవారకముందే వినిపించే ఆ స్తోత్రం, మూలానికి వెళ్ళి చూస్తే, ఇంకా నిద్రపోతున్న ఒక పిల్లవాణ్ణి లేపే మాట. కౌసల్య ఇంట లేపవలసి వచ్చేదో లేదో గాని, అడవిలో మాత్రం ఋషి లేపవలసి వచ్చింది!

అంటే మేలుకొలుపు పాటలో పెద్దలు ముందు లేస్తారు, పిల్లవాడు తరువాత లేస్తాడు. పెద్దలకంటె ముందే లేచి, లోకాన్నంతటినీ లేపే పసివాడి కోసం కట్టిన పాట నేను చదివిన సంకలనాలలో ఎదురుకాలేదు. పాట లేకపోవడానికి నాకు తోచిన కారణం సులువైనది. ఆ పిల్లవాడు లేచేసరికి ఇంట్లో ఎవరో ఒకరు అప్పటికే మేలుకొని ఉండేవారు.

తెల్లవారుజాము అన్న పేరులోనే ఉన్నది, అది ఒక జాము, అంటే మూడు గంటల కాలం. ఆ జాము పల్లెలో నిశ్శబ్దంగా ఉండేది కాదు. వేగుచుక్క పొడిచేది, తొలికోడి కూసేది. ఆ వెంటనే తిరగలి చప్పుడు మొదలయ్యేది. తెలంగాణలో ఇసుర్రాయి అంటారు. ఆనాటి జొన్నలో, రాగులో ఆనాడే విసరాలి, వడ్లు దంచాలి, చల్ల చిలకాలి, వాకిట కళ్లాపి చల్లి ముగ్గు పెట్టాలి, పశువుల కొట్టం బాగు చేయాలి. తిరగలి పాటలు, దంపుళ్ళ పాటలు అంటూ మన జానపద వాఙ్మయంలో ఒక పెద్ద భాగం ఈ శ్రమలోంచి పుట్టినదే. బిరుదురాజు రామరాజు వంటివారు వాటిని శ్రద్ధగా సేకరించి, విభజించి చూపించారు. ఆ పాటలను మనం సాహిత్యంగా చదువుకొంటాము. అవి నిద్ర మానుకొన్న గొంతులన్న సంగతి కూడా గుర్తుంటే బాగుంటుంది.

ఆ గొంతుల పక్కన పసిపిల్లలు ఉండేవారు. నిద్ర లేచిన బిడ్డ దేవులాడుకొంటూ వచ్చి తిరగలి తిప్పే తల్లి ఒడిలో పడుకొనేది. తల్లి ఊపుతో తానూ ఊగి మళ్ళీ కునుకు తీసేది. లేదా నాయనమ్మ చుట్టూ తిరిగేది. భాగవతం దశమస్కంధంలో ఒక తల్లికి ఇలాంటి వేళే జరిగిన కథ ఉన్నది. యశోద స్వయంగా పెరుగు చిలుకుతూ ఉంటుంది. కొడుకు వచ్చి పాలకోసం కవ్వం పట్టుకొని ఆపుతాడు. ఆమె పని మాని పాలిస్తుంది. ఇంతలో పొయ్యి మీది పాలు పొంగుతాయి. కొడుకును దించి అటు పరుగెడుతుంది. ఇటు వాడు కోపం వచ్చి కుండ పగులగొట్టి వెన్న తింటాడు. చివరకు ఆమె వాణ్ణి రోటికి కట్టివేస్తుంది. భక్తులకు ఇది దామోదర లీల. ఇంటిపని చేసుకొనే ఏ తల్లి చదివినా, ఒంటిచేతి మీద పనీ బిడ్డా రెండూ పడితే ఏమౌతుందో చెప్పే యథార్థ కథనం. రోలు అన్నది ఆ పూటకు ఆమెకు తోచిన ఉపాయం. అదీ ఫలించలేదు, వాడు దాన్ని ఈడ్చుకొనిపోయి మద్దిచెట్లను కూల్చాడు. ఉపాయాలు ఫలించకపోవడం ఈ విషయంలో కొత్త కాదు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఒక మాట చెప్పుకోవాలి. "ఆ రోజుల్లో పిల్లలు పొద్దున్నే లేస్తే ఎవరికీ బాధ ఉండేది కాదు" అని మనవాళ్ళు ముచ్చటగా అంటూ ఉంటారు. ఆ "ఎవరికీ" అన్న మాటలో తల్లి లేదు. ఆమె అందరికన్న ముందు లేచి, అందరికన్న వెనుక పడుకొనేది. ఆమె నిద్రను ఎవరూ లెక్క కట్టలేదు గనుక ఆమె నిద్ర చెడటం సమస్యగా నమోదు కాలేదు. నమోదు చేసే కలం ఆమె చేతిలో లేదు. కాబట్టి పాతకాలంలో సమస్య లేదనడం సరి కాదు. సమస్యకు సాక్ష్యం చెప్పేవారు లేరనడం సరి.

మరొక దిక్కున, పేదవాడి ఇంట సమస్య పూర్తిగా తలక్రిందులుగా ఉండేది. అక్కడ పిల్లవాడు లేస్తున్నాడన్నది కాదు బాధ, లేవడం లేదన్నది. 1832లో బ్రిటిష్ పార్లమెంటులో మైకేల్ శాడ్లర్ అధ్యక్షతన కూర్చున్న సంఘం ముందు మిల్లుల కార్మికులు చెప్పిన సాక్ష్యాలు చదివితే మనసు కలుక్కుమంటుంది. చీకటితో మిల్లుకు పోవలసిన పసివాళ్ళను లేపలేక తల్లిదండ్రులు కుదిపి కుదిపి, నిద్రలోనే బట్టలు తొడిగి పంపేవారని ఒకరి తరువాత ఒకరు చెప్పారు. మరుసటి ఏడు వచ్చిన చట్టం తొమ్మిదేళ్ళలోపు పిల్లలను బట్టల మిల్లుల్లో పెట్టుకోరాదన్నది. మన దేశంలో 1881 నాటి ఫ్యాక్టరీల చట్టం ఏడేళ్ళు నిండని పిల్లలకు పని నిషేధించింది. ఏడు నుంచి పన్నెండేళ్ళవారికి రోజుకు తొమ్మిది గంటల పరిమితి పెట్టింది. ఏడేళ్ళ పిల్లవాడికి తొమ్మిది గంటలు దయగా భావింపబడిన కాలం అది.

మిల్లులు లేని మన పల్లెల్లో జీతానికి కుదిరిన పిల్లలు ఉండేవారు. పశువులు కాసే పిల్లవాడు ఆసామి ఇంటి కొట్టంలోనో వసారాలోనో పడుకొని, తొలికోడితో లేచి పేడ ఎత్తి, గొడ్లను మళ్ళేయాలి. వాడు తనంతట తాను లేస్తే బుద్ధిమంతుడు, లేవకపోతే ముల్లుగర్ర. ఒకే ఊళ్ళో, ఒకే వేళ, ఒక పిల్లవాడు జోకొట్టించుకొంటూ ఉంటే మరొక పిల్లవాడు తన్నులు తిని లేచేవాడు. పిల్లల నిద్రకు చరిత్ర రాస్తే ఈ రెండవవాడికి కొన్ని పుటలు కేటాయించక తప్పదు.

పిల్లలను ఎక్కువసేపు పడుకోబెట్టే ఉపాయాల్లో అతి పాతదీ, అతి ఘోరమైనదీ నల్లమందు. 1893లో నియమితమైన నల్లమందు రాజసంఘం ముందు ఈ దేశం నలుమూలల నుంచి వచ్చిన సాక్ష్యాలలో పసివారికి దాన్ని పెట్టే ఆచారం మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది. ఆవగింజంత మాత్రం ఇస్తే బిడ్డ కదలకుండా పడుకొంటుంది, తల్లి పనికి పోవచ్చు. బొంబాయి మిల్లుల్లో పనిచేసే ఆడవాళ్ళు బిడ్డలకు పెట్టే నల్లమందు మాత్రకు "బాలగోలి" అని పేరు. ఎంత ముద్దు పేరు! దీన్ని చూసి తూర్పుదేశాల మౌఢ్యమని ముక్కున వేలు వేసుకొన్న ఇంగ్లండులోనే గాడ్‌ఫ్రే కార్డియల్ అనే నల్లమందు పాకం మిల్లు ఊళ్ళలో చౌకగా అమ్ముడుపోయేది. అమెరికాలో 1849 నుంచి అమ్మిన మిసెస్ విన్‌స్లో సిరప్‌లో మార్ఫిన్ ఉండేది. ఆ సీసా మీద లోపలి సరుకు పేరు తప్పనిసరిగా రాయవలసిన చట్టం 1906లో గాని రాలేదు. ఎందరు పిల్లలు అలా పడుకొని మరి లేవలేదో! అయితే ఆ తల్లులను నిందించడానికి నాకు నోరు రాదు. పన్నెండు గంటల పనికి పోతే గాని కూడు లేదు, బిడ్డను చూసే మనిషి లేదు. నిద్ర కొనుక్కోవలసి వస్తే బజారులో దొరికినది అదొక్కటే.

ఇక గడియారం సంగతి. ఈ కథలో అసలు మలుపు ఇక్కడే ఉన్నదని నా అభిప్రాయం.

గడియలతో కాలం కొలిచిన రోజుల్లో లెక్క సూర్యోదయం నుంచి మొదలయ్యేది. 24 నిమిషాలకు ఒక గడియ, దినానికి 60 గడియలు. పొద్దు ఎప్పుడు పొడిస్తే అప్పుడే రోజు మొదలు. అలాంటి లెక్కలో "మరీ ముందుగా లేచాడు" అనడానికి ఆస్కారమే తక్కువ. పొద్దుతోపాటు పిల్లవాడు లేస్తాడు, పొద్దుతోపాటే దినమూ లేస్తుంది. రైళ్ళు వచ్చాక లెక్క మారింది. 1792లో కట్టిన మదరాసు నక్షత్రశాల కాలాన్ని బట్టి పందొమ్మిదవ శతాబ్ది చివరి దశాబ్దాల్లో దేశంలో రైళ్ళు నడిచాయి. 1906 జనవరి 1 నుంచి భారత ప్రామాణిక కాలం అమలులోకి వచ్చింది. దానికి ఆధారమైన 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం మన కాకినాడకు కాస్త తూర్పుగా, తుని పరిసరాల మీదుగా పోతుంది. కనుక దేశమంతటా తునివారి మధ్యాహ్నమే మధ్యాహ్నం! తుని పిల్లవాడికి గడియారమూ సూర్యుడూ ఇంచుమించు ఒకటే. అనంతపురంలో సూర్యుడు గడియారానికి సుమారు 20 నిమిషాలు వెనుక. ఇచ్ఛాపురంలో తొమ్మిది నిమిషాలు ముందు. ఇద్దరు పిల్లలూ ఒకే వెలుతురుకు లేచినా, ఇచ్ఛాపురం పిల్లవాడు గడియారం లెక్కన దాదాపు అరగంట ముందు లేచినట్టు. వాడి తప్పేమున్నది? రేఖాంశం అటువంటిది.

యుద్ధకాలంలో 1942 సెప్టెంబరు నుంచి 1945 అక్టోబరు వరకు మన గడియారాలను కూడా ఒక గంట ముందుకు తిప్పారు. ఆ ముచ్చట ఇక్కడ అంతటితో ముగిసింది. పడమటి దేశాలలో మాత్రం ముగియలేదు. విలియం విల్లెట్ అనే ఇంగ్లీషు గృహనిర్మాత ఎండాకాలం ఉదయాన గుర్రపు స్వారీకి పోతూ, ఇంత వెలుతురు వచ్చినా కిటికీ తెరలు మూసుకొని జనం నిద్రపోతున్నారే అని నొచ్చుకొన్నాడు. 1907లో దీని మీద ఒక చిన్న పుస్తకం అచ్చువేసి, గడియారాలను ముందుకు జరపమని పోరాడాడు. ఆయన 1915లో పోయాడు. మరుసటి ఏడు, యుద్ధంలో బొగ్గు పొదుపు కోసం, జర్మనీ ఏప్రిల్ 30న, బ్రిటన్ మే 21న ఆ పని చేశాయి. అమెరికా 1918లో అందుకొన్నది. మధ్యలో మానివేసి, మళ్ళీ మొదలుపెట్టి, 1966లో దేశానికంతటికీ ఒక చట్టం చేసుకొన్నది. 2007 నుంచి అక్కడ గంట ముందుకు జరిగేది మార్చిలో రెండవ ఆదివారం, వెనక్కి వచ్చేది నవంబరులో మొదటి ఆదివారం.

ఈ జరుపుడు పిల్లల తల్లిదండ్రులకు ఒక చేత్తో మేలు, ఒక చేత్తో కీడు చేసింది. లండనులో జూన్ నెలలో సూర్యుడు నిజానికి మూడూ నలభైమూడుకే ఉదయిస్తాడు. గడియారం జరిపినందువల్ల అది నాలుగూ నలభైమూడు అనిపించుకొంటుంది. ఆ మేరకు మేలే. నవంబరులో మాత్రం శనివారం దాకా ఆరింటికి లేచిన బిడ్డ ఆదివారం ఐదింటికి లేస్తుంది. బిడ్డ ఒక్క నిమిషం కూడా మారలేదు. న్యూజెర్సీలోనో టెక్సాసులోనో ఉన్న మన తెలుగు కుటుంబాలలో నవంబరు మొదటి వారాన ఫోను చేస్తే తల్లి గొంతు ఎందుకు బొంగురుగా ఉంటుందో ఇండియాలో ఉన్న అమ్మమ్మకు చప్పున అర్థం కాదు. శాసనసభ గడియారాన్ని జరపగలదు; ఒకటిన్నర ఏడు బిడ్డ కడుపును, కంటిని జరపలేదు.

గడియారం ఇంట్లో స్థిరపడ్డాక, దాన్ని బిడ్డకు నేర్పే పుస్తకాలు వచ్చాయి. న్యూయార్కు వైద్యుడు ఎమ్మెట్ హోల్ట్ 1894లో తల్లులకూ దాదులకూ ప్రశ్నోత్తరాల రూపంలో ఒక చిన్న పుస్తకం రాశాడు. చంటిబిడ్డకు ఏడుపు ఊపిరితిత్తుల వ్యాయామమని ఆయన నమ్మకం. న్యూజీలాండులో ట్రూబీ కింగ్ 1907లో ప్లంకెట్ సంఘాన్ని స్థాపించి, పాలు గంటల ప్రకారమే ఇవ్వాలని, రాత్రి ఇవ్వరాదని ఒక తరాన్నంతటినీ శాసించాడు. మనస్తత్వవేత్త జాన్ వాట్సన్ 1928లో ఇంకొక అడుగు ముందుకు వేశాడు: బిడ్డను హత్తుకోవద్దు, ముద్దాడవద్దు, ఉదయం లేవగానే కరచాలనం చేస్తే చాలు అన్నాడు. నాలుగున్నరకు లేచి మెడ చుట్టూ చేతులు వేసిన రెండేళ్ళవాడికి కరచాలనం చేస్తున్న తండ్రిని ఒకసారి ఊహించుకోండి. 1946లో బెంజమిన్ స్పాక్ వచ్చి తల్లుల తెలివిని తల్లులకే అప్పగించేదాకా ఈ బిగింపు సడలలేదు.

అమెరికాలో పిల్లల నిద్ర మీద ఆందోళన ప్రధానంగా 1920ల తరువాత పెరిగినదని చరిత్రకారుడు పీటర్ స్టెర్న్స్, ఆయన సహచరులు 1996లో ఒక వ్యాసంలో చూపించారు. అంతకుముందరి సలహా పుస్తకాలు ఆహారం, స్నానం, అంటువ్యాధుల గురించి పుటలు పుటలు రాసి, నిద్రను రెండు మాటల్లో తేల్చేవి. బిడ్డకు ఒక గది, గదికి ఒక తలుపు, తలుపు అవతల ఉదయం ఆఫీసుకు పోవలసిన తండ్రి ఏర్పడ్డాకనే బిడ్డ లేచే వేళ చర్చనీయాంశమైనది. 1985లో బోస్టన్ వైద్యుడు రిచర్డ్ ఫెర్బర్ పిల్లల నిద్ర సమస్యల మీద రాసిన పుస్తకం ఇంటింటి పేరైంది. దానిలో తెల్లవారకముందే లేచే పిల్లల సంగతి కూడా ఉన్నది. ఆయనను కఠినుడని చాలామంది తిట్టారు గాని, ఈ ఒక్క విషయంలో ఆయన చెప్పినది మన అమ్మమ్మలు కూడా కాదనరు: ఐదింటికి లేచినప్పుడల్లా పాలసీసా అందిస్తే, ఐదింటికి ఆకలి వేయడం కడుపు నేర్చుకొంటుంది.

శాస్త్రం చెప్పేది క్లుప్తంగా చూద్దాము. పుట్టిన శిశువుకు రాత్రింబగళ్ళు లేవు. షికాగోలో నాథనియల్ క్లైట్‌మన్ 19 మంది శిశువుల నిద్రను నెలల తరబడి గమనించి 1953లో ప్రకటించిన పరిశోధనలో, వారు మెల్లమెల్లగా 24 గంటల లయలోకి కుదురుకోవడం కనిపించింది. ఆ లయను నిలిపేది ముఖ్యంగా వెలుతురు. రాత్రి మొదటి సగంలో నిద్ర గాఢం. తెల్లవారుజాముకు నిద్ర అవసరం చాలా వరకు తీరిపోయి ఉంటుంది, పలుచబడుతుంది. ఆ పలుచని నిద్రలో తెర సందులోంచి వచ్చే సన్నని వెలుగు, పక్కింటి మోటారు చప్పుడు, తడిసిన లంగోటీ, ఏదైనా చాలు. పసివారి కంటికి వెలుతురు ఎంత ముఖ్యమో 2018లో కొలరాడో పరిశోధకులు చూపించారు. మూడు నుంచి ఐదేళ్ళ పిల్లలు పదిమందిని పడుకొనే ముందు గంటసేపు ప్రకాశవంతమైన దీపం దగ్గర ఆడుకోనిస్తే, నిద్రకు సంబంధించిన మెలటోనిన్ సగటున 88 శాతం పడిపోయింది. దీపం ఆర్పిన 50 నిమిషాలకు కూడా చాలామందిలో కోలుకోలేదు.

కాబట్టి మందంగా తెరలు వేయడం, సాయంత్రం దీపాలు తగ్గించడం, లేచిన వెంటనే టీవీ పెట్టకపోవడం, పాలు కొంచెం కొంచెంగా ఆలస్యం చేయడం, పడుకొనే వేళను పూటకు పావుగంట చొప్పున జరపడం పనికివస్తాయి. ఒక్క రాత్రి పదకొండుదాకా మేలుకొల్పితే పొద్దున ఆలస్యంగా లేస్తాడన్న ఆశ మాత్రం తరచు అడియాసే. అదే నాలుగున్నరకు లేచి, పగలంతా చికాకు పడతాడు. అన్నిటికన్న ముందు చేయవలసినది కూడిక. ఒకటి రెండేళ్ళవారికి పగటి కునుకుతో కలిపి 11 నుంచి 14 గంటలు, మూడు నుంచి ఐదేళ్ళవారికి 10 నుంచి 13 గంటలు నిద్ర కావాలని అమెరికా నిద్రవైద్యులు 2016లో నిర్ణయించారు. రాత్రి ఏడింటికి పడుకొని పగలు రెండు గంటలు నిద్రపోయే రెండేళ్ళ బిడ్డ ఐదింటికి లేస్తే మొత్తం 12 గంటలు. ఆ బిడ్డ నిద్ర చాలించుకొన్నట్టే. చాలనిది మనకు.

ఇక్కడ మన అలవాటు ఒకటి గమనించదగినది. 2010లో ప్రచురించిన ఒక పెద్ద సర్వేలో, మూడేళ్ళలోపు పిల్లలు సగటున న్యూజీలాండులో రాత్రి 7:27కు పడుకొంటే, హాంకాంగులో 10:17కు పడుకొంటున్నట్టు తేలింది. ఆసియా దేశాల పిల్లలు మొత్తం మీద ఆలస్యంగానే పడుకొంటారు. మన ఇళ్ళలో నాన్న ఆఫీసు నుంచి వచ్చేదాకా బిడ్డ మేలుకొని ఉండటం మామూలే. కనుక ఇంగ్లీషు పుస్తకాల గంటలను ఉన్నవి ఉన్నట్టు మన ఇంటి గోడకు తగిలించడం కుదరదు.

వయసును బట్టి మేలుకొనే వేళ మారుతుందన్నది కూడా ఇప్పుడు స్పష్టంగా తెలిసిన విషయం. పసివారు కోడిపిల్లలు. కౌమారంలో నిద్ర వేళ వెనక్కి జరుగుతూ పోయి, ఇరవై ఏళ్ళ ప్రాయాన మరీ ఆలస్యమై, అక్కడి నుంచి మళ్ళీ ముందుకు రావడం మొదలౌతుందని 2004లో రోనెబెర్గ్ బృందం చూపించింది. ముసలితనానికి మళ్ళీ వేకువే. చోద్యమేమిటంటే, తనంతట తాను ఐదింటికి లేచే రెండేళ్ళవాణ్ణి పడుకోమని బ్రతిమాలే మనమే, తెల్లవారాక గాని కన్ను తెరవలేని పదిహేడేళ్ళవాణ్ణి హాస్టలులో ఐదింటి గంటకు లేపించి చదువుకు కూర్చోబెడతాము. రెండు చోట్లా శరీరానికి ఎదురీతే.

2015లో జెరోమ్ సీగల్ బృందం ఆఫ్రికా, దక్షిణ అమెరికా ఖండాలలో విద్యుత్తు లేకుండా బ్రతికే మూడు సమాజాల నిద్రను కొలిచింది. వారు సాధారణంగా సూర్యోదయానికి ముందే లేస్తున్నారు. ఇంకా ఆశ్చర్యకరమైనది 2017లో వెలువడిన మరొక అధ్యయనం. టాంజానియాలో వేట, సేకరణలతో జీవించే హడ్జా ప్రజలలో 33 మంది పెద్దల నిద్రను 20 రోజులు గమనిస్తే, అందరూ ఒకేసారి నిద్రలో ఉన్న కాలం మొత్తం మీద 18 నిమిషాలు మాత్రమే. వయసులో తేడాలే దీనికి ముఖ్యకారణం. కుర్రవారు ఆలస్యంగా పడుకొంటారు, పెద్దవారు ముందుగా లేస్తారు. మంద నిద్రపోతూ ఉంటే ఎవరో ఒకరు మేలుకొని ఉండటం మనిషి జాతికి కాపలా అయి ఉంటుందని ఆ పరిశోధకుల ఊహ.

ఆ అధ్యయనంలో పిల్లలు లేరు. అయినా నాకు తెలుగు వసారా గుర్తుకు వచ్చింది. అరుగు మీద తాతయ్య దగ్గుతూ లేచి కూర్చునేవేళకు మనవడు లేవడం యాదృచ్ఛికం కాదు. ఇద్దరి వయసులూ ఒకే వేళను కోరతాయి. ఇంటిల్లిపాది ఒకే గంటకు పడుకొని ఒకే గంటకు లేవాలన్న నియమం, ఇద్దరు పెద్దలూ ఇద్దరు పిల్లలూ ఉండే రెండు పడకగదుల ఇల్లు తెచ్చిన కొత్త నియమం. పసివాడు లేచేవేళకు మేలుకొని ఉండే మనిషి ఆ ఇంట్లో లేదు. తల్లి ఇక తిరగలి తిప్పడం లేదు. తిప్పకూడదు కూడా. పాత ఏర్పాటు ఆమె నిద్రను మింగి నిలిచినది. ఇప్పుడు వాటా వేసుకోవలసినది తండ్రి. శని, ఆదివారాలలో ఒక వేకువ నీది, ఒక వేకువ నాది అని పంచుకొన్న ఇళ్ళలో సగం గొడవ తీరిపోవడం చూశాను.

అమెరికాలో ఉన్న మనవాళ్ళకు మరొక ఏర్పాటు దానంతట అదే కుదిరింది. పురిటికో, బిడ్డను చూడటానికో సందర్శకుల వీసా మీద అమ్మమ్మ, తాతయ్యలు దిగుతారు. పగలు రాత్రి, రాత్రి పగలు అయిన మొదటి వారం వారికి రెండింటికే మెలకువ వచ్చేస్తుంది. చప్పుడు కాకుండా వంటింటి దీపం వేసుకొని, కాఫీ పొడి ఎక్కడున్నదో వెతుక్కొంటూ ఉంటారు. నాలుగున్నరకు తలుపు సందున ఒక చిన్న తల కనిపిస్తుంది. "రా నాయనా, రా" అంటుంది అమ్మమ్మ, ఎన్నాళ్ళనుంచో ఎదురుచూస్తున్నట్టు. పది రోజులకు వారి ప్రయాణ బడలిక తీరుతుంది, రాత్రి నిద్ర కుదురుకొంటుంది. అయినా ఆమె నాలుగున్నరకే లేస్తుంది. అది విమానం తెచ్చిన అలవాటు కాదు మరి.